వెనక్కి తిప్పిన కేక

పాత క్యాసెట్లకి బూజు తుడిచి డిస్కుల్లోకి ఎక్కించే అతన్ని వీధిలో అందరూ రీలు బాబాయి అంటారు. పనంతా ఇంట్లోనే, ముందుగదిలో. గోడకి అవతల పడకగది, దాన్ని ఆనుకుని స్నానాలగది. భార్యకి ఏడో నెల. ఇదివరకోసారి కడుపు పోయింది కాబట్టి ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. వదలడం లేదుగా, గోడకి ఇవతలే ఉన్నానుగా అని ఇతగాడి ధీమా. ఆ ధీమా అంతా పైకే. లోపల గుండె పీచుపీచుమంటూనే ఉండేది. గిన్నె చప్పుడైనా చాలు, లేచి వెళ్ళి చూసొచ్చేవాడు.

అలాంటివాడి చేతికి, పాత సినిమాల పిచ్చాయన ఒకాయన, ఇటలీ వాళ్ళ భయానక సినిమా క్యాసెట్ తెచ్చిచ్చాడు. నల్ల చేతితొడుగుల హంతకుడు, బకెట్లకొద్దీ ఎర్రరంగు, కాసేపటికో ఆడపిల్ల చావు. చచ్చే ముందు ప్రతి పిల్లా "మమ్మా!" అని అరుస్తుంది. వాళ్ళకీ అమ్మే దిక్కు మరి! పొద్దుట్నించీ వినీవినీ మొగుడూపెళ్ళాలిద్దరికీ చెవులు మొద్దుబారాయి.

మధ్యాహ్నం "అమ్మా!" అని వినబడింది. ముందున్న 'మ'ని వెధవ టేపు మింగేసింది అనుకున్నాడు. మహా పనిమంతుడు కదా! టేపు ఆపి, ప్లేయర్ హెడ్డు తుడిచి, వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. కేక రాలేదు. తెరమీద పిల్ల నోరు మూసుకుని మెట్లు దిగుతోంది. ఇంకోసారి తిప్పాడు. అప్పుడూ అంతే. మరి ఆ కేక ఎక్కడిది?

అంతలో అతన్ని ఎవరో పేరు పెట్టి పిలిచారు. పెళ్ళైన దగ్గర్నుంచీ "ఏమండీ" తప్ప మరో పిలుపు ఎరగని గొంతు అది.

పరుగెత్తాడు. స్నానాలగదిలో ఆవిడ తడినేల మీద కూలబడి ఉంది. రెండు చేతులూ కడుపుమీదే ఉన్నాయి.

"ఇందాక అరిచాను. వినబడలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"వినబడింది. టేపు అనుకున్నాను. బాగుచేద్దామని వెనక్కి తిప్పాను."

ఆవిడ అతని చెయ్యి లాగి కడుపుమీద పెట్టుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ముందుగదిలో "మమ్మా!" అంటూ ఇంకో పిల్ల చచ్చింది. ఎంతసేపటికో అరచేతి కింద చిన్న తన్ను తగిలింది. అతను అక్కడే బావురుమన్నాడు.

ఆనాటి నుంచి ఆవిడ ఏమండీ మానేసింది. అత్తగారు వచ్చినప్పుడు మొహం చిట్లించినా సరే, పేరు పెట్టే పిలుస్తుంది. పైఅరలో ఉప్పుడబ్బా కోసమేనని తెలిసినా, అతను ఈరోజుకీ పరుగెత్తుకునే వస్తాడు.