చెనక్కాయ కమ్మలు, గుండెలో మిషను

కరోనా సద్దుమణిగిన రెండో ఏడాది, ఎండాకాలం. గుంతకల్లు స్టేషన్ నుంచి రైల్వే క్వార్టర్లకు పోయే సందులో నాకొక చిన్న వెండిపని అంగడి ఉంది. ముందర గదిలో అంగడి, వెనక గదిలో మిషన్లు. మేము దూదేకులవాళ్ళం. మా వాళ్ళలో వెండిపని చేసే ఆడవాళ్ళు అరుదు. మా నాయనకు చూపు తగ్గినప్పుడు, టంకం పెట్టడానికి సాయంగా ఆయన పక్కన కూర్చున్నాను. అలా కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేదు. నా పేరు హుసేన్‌బీ. వచ్చేవాళ్ళందరికీ మాత్రం హుసేనమ్మనే.

ఆ ఏడాదే మాగ్నెటిక్ పాలిషర్ కొన్నాను. ఈ పనితో పరిచయం లేనివాళ్ళు దాన్ని చూసి ఉండరు. అన్నం కుక్కరంత డబ్బా. పైన ప్లాస్టిక్ గిన్నె, దాని కింద గట్టి అయస్కాంతాలు బిగించిన పళ్ళెం. గిన్నెలో నీళ్ళు, కాస్త పాలిష్ మందు, గుప్పెడు స్టీలు పిన్నులు పోస్తాం. పిన్నులంటే గుండుసూదులు కావు. దారమంత సన్నగా, బియ్యపు గింజంత పొడవుంటాయి. స్విచ్ వేయగానే పళ్ళెం గిర్రున తిరుగుతుంది. దాంతోపాటు పైనున్న పిన్నులు లేచి, వస్తువు మీద పడి, ప్రతి సందులోకీ దూరి కొడతాయి. వెండి అరగదు, పైపొర నునుపై మెరుస్తుంది. చదునుగా ఉండే పెద్ద వస్తువులకు ఇది పనికిరాదు, సన్నటి చుక్కలు పడతాయి. ముత్యాలు, మెత్తటి రాళ్ళు ఉన్నవి వేయకూడదు. చేత్తో చేసిన చిన్న చిన్న వస్తువులకు మాత్రం ఇంతకు మించింది లేదు. బ్రష్ పోని చోటికి పిన్ను పోతుంది.

అమ్మిన మనిషి అంతా చూపించి, చివర్లో జాగ్రత్తలు చెప్పాడు. ఫోన్లు, గడియారాలు, ఏటీఎం కార్డులు దూరంగా పెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అసలు దగ్గరికి రాకూడదు. పేస్‌మేకర్ అంటే గుండె కొట్టుకోవడం గతి తప్పినప్పుడు దాన్ని సరిగా నడిపించడానికి, భుజం కింద చర్మం లోపల పెట్టే చిన్న మిషను. సరేనన్నాను. ఆ వెనక గదిలోకి నేను తప్ప ఎవరూ రారు కదా అనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఓబుళమ్మ. వజ్రకరూరు పక్కన ఒక పల్లె ఆమెది. అరవై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన మొహం, గట్టి గొంతు. లోపలికి వస్తూనే నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఏమ్మే, వెండిపని చేసేది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. కూర్చో."

"మగోళ్ళు ఎవురూ ల్యారా?"

"ల్యారు. పనంతా నేనే చేస్తా."

"సరేలే. ఆడదైతే మొగమాటం ల్యాకుండా అడగచ్చు" అని బెంచీ మీద కూర్చొని గుడ్డమూట విప్పింది. అందులో పాతకాలం లావు కాళ్ళ కడియాలు. రెండూ కోసి ఉన్నాయి.

"ఎందుకు కోసినారు పెద్దమ్మా?"

"ఆస్పత్రిలో కోసినారు. కాళ్ళు వాచి ఊడి రాల్యా."

కాళ్ళ వాపుకే ఆస్పత్రికి పోయి ఉంటుందనుకున్నాను. కోసిన చోట లోహం రంగు చూశాను, గీటు పెట్టి చూశాను, మంచి వెండేనని చెప్పాను. వెండి గురించి అడగాల్సినవన్నీ అడిగాను.

ఆమెకు ముగ్గురు మనవరాళ్ళు. ముగ్గురికీ కమ్మలు కావాలంది. జుంకీలు చేయనా అంటే తల అడ్డంగా ఊపింది. వేరుశనక్కాయ ఆకారంలో కావాలట.

"చెనక్కాయ లెక్క ఉండల్ల. వాన ల్యాక మా చేన్లో కాయ పట్టడమే మానె. ఇవన్నా కాయనీ."

ఇంకో షరతు కూడా పెట్టింది. "నా కండ్ల ముందరే కరగల్ల, నా కండ్ల ముందరే కావల్ల. నేను ల్యానప్పుడు ముట్టగూడదు. సాయంత్రం మూటగట్టి నేనే ఎత్తుకపోతా." ఎప్పుడో వేరే ఊళ్ళో బాగుకిచ్చిన ముక్కుపుడక తేలికై తిరిగొచ్చిందట. అప్పటినుంచి ఏ పనివాడినీ నమ్మలేదు. నాకేమీ కోపం రాలేదు. మా పనిలో ఇలాంటివాళ్ళు కొత్త కాదు.

అలా ఆమె ప్రతిరోజూ పొద్దున బస్సుకు వచ్చేది. వెండి మూసలో కరిగేటప్పుడు, రేకుగా సాగేటప్పుడు, ఆ రేకును గుంటల దిమ్మ మీద కొట్టి కాయ సగాలుగా మలిచేటప్పుడు నా ఎదురుగానే కూర్చునేది. రెండో రోజు సంచిలోంచి నిజం చెనక్కాయ ఒకటి తీసి నా పనిబల్ల మీద పెట్టింది.

"దీన్ని చూసి చెయ్. నువ్వు చేసింది కాయ మాదిరి ల్యా, గోలీ మాదిరి ఉండాది. నడుము ఇంకా సన్నం కావల్ల."

ఆమె చెప్పింది నిజమే. ఆ సగాలు పక్కన పడేసి మళ్ళీ కొట్టాను. కాయ మీద ఉండే వల లాంటి గీతల కోసం సన్నటి ఉలితో ఒక్కొక్క గీతా వేశాను. తర్వాత సగాలు కలిపి టంకం పెట్టాను. లోపల గాలి పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాన్ని కూడా చివర్లో మూసేశాను. మూయకుంటే పాలిష్ పెట్టేటప్పుడు లోపలికి నీళ్ళు పోతాయి. టంకం మసి పోవడానికి మందునీళ్ళలో వేసి తీస్తే వెండి తెల్లగా, సున్నం ముద్దలా వస్తుంది. అది చూసి ఆమె మొహం ముడుచుకుంది.

"ఇదేమే, సున్నం కొట్టినట్ల ఉండాది?"

"ఇప్పుడు పాలిష్ పెడతా పెద్దమ్మా. అప్పుడు చూడు."

కమ్మలు తీసుకొని వెనక గదిలోకి పోబోతే ఆమె కూడా లేచింది. "నువ్వు యాడికి పోతే నేనూ ఆడికే." వద్దనడానికి నాకు కారణం కనపడలేదు. కమ్మలు చిన్న పళ్ళెంలో పక్కన పెట్టి, గిన్నెలో నీళ్ళు, పిన్నులు పోశాను. అలవాటు కొద్దీ చెప్పాను.

"ఫోనుంటే బయట పెట్టు పెద్దమ్మా. దీంట్లో పెద్ద అయస్కాంతం ఉండాది, ఫోను చెడిపోతాది."

ఆమె నవ్వింది. "నాకు ఫోను యాడిది? నా గుండెలో ఒక మిషను ఉండాది. దాన్ని గూడా తీసి బయట పెట్టల్నా?" అంటూ గిన్నెలోకి తొంగిచూడటానికి వంగింది.

నేనింకేమీ ఆలోచించలేదు. తడిచేతులతోనే ఆమె భుజాలు పట్టుకొని వెనక్కి నూకాను. ఆగకుండా వాకిలి దాటించి, ముందర గదిలో బెంచీ మీద కూలేశాను. స్విచ్ ఇంకా వేయలేదు, నిజమే. కానీ కింద ఉన్నవి కరెంటుతో పుట్టే అయస్కాంతాలు కావు. స్విచ్ వేసినా వేయకున్నా వాటి పట్టు అట్లాగే ఉంటుంది.

ఆమెకు ఇదంతా తెలియదు. మొహం ఎర్రబడింది.

"నన్ను నూకుతావా? ఇన్ని దినాలు ఎదురుగా కూచోబెట్టుకొని, మెరుపు పెట్టే పొద్దుకి బయటికి నూకుతావా? ఇప్పుడు తెలిసె నీ సంగతి. నా వెండి నాకియ్యి!"

"పెద్దమ్మా, ఆ మిషను నీ గుండెకు మంచిది కాదు..."

"నా గుండె సంగతి నీకెందుకు? నా వెండి నాకియ్యి."

ఇంక మాట్లాడి లాభం లేదని కమ్మలు తెచ్చి ఆమె ముందర పెట్టాను. ఎంచి చూసుకొని మూట కట్టి విసురుగా లేచింది. రెండు అడుగులు వేసి గడప దగ్గర ఆగిపోయి, తలుపు పట్టుకుంది. నేను పోయి పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు.

"తల తిరుగుతాండాది" అంది. "ఏం ల్యా. ఎండకు ఇట్ల వచ్చి పోతా ఉంటాది. మాత్ర వేసుకుంటే తగ్గుతాది."

నీళ్ళిచ్చాను. ఆమె జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, మాత్ర తీసుకొని, పర్సును నా పనిబల్ల మీద పెట్టింది. నా తడిచేతులకు అంటుకొని వచ్చిన పిన్నులు నాలుగైదు ఆ బల్ల మీద రాలి ఉన్నాయి. అవి ఉన్నట్టుండి కదిలి, టక్కుమని పర్సు మూతకు అంటుకున్నాయి.

పర్సు చేతిలోకి తీసుకున్నాను. జీన్స్ గుడ్డతో కుట్టింది. మూతకు గుండ్రటి గుండీ, అయస్కాంతం గుండీ.

"నీ గుండె మిషను యాడ పెట్టినారు పెద్దమ్మా?"

ఎడమవైపు మెడ ఎముక కింద వేలు పెట్టి చూపించింది.

"ఈ పర్సు యాడ పెట్టుకుంటావు?"

"ఆడోళ్ళు పర్సు యాడ పెట్టుకుంటారే? ఈడనే" అని అదే చోట, జాకెట్ మీద చేయి వేసింది. "మా సీనప్ప తెచ్చిచ్చినాడు. ఆపరేషన్ అయినాక, మాత్రలు పెట్టుకోమని."

సీనప్ప ఆమె కొడుకు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట పని చేస్తాడు. పని ఒప్పుకున్న రోజే అతని నంబరు తీసుకొని ఉన్నాను. ఫోన్ చేసి, ఆమెకు కూడా వినపడేలా స్పీకర్ పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తూ ఉంది.

"అయస్కాంతం వద్దని ఆస్పత్రిలో చెప్పిండిరి అక్కా. పెద్ద పెద్ద మిషన్లనుకొంటిమి. పర్సు గుండీలో ఉంటాదని ఎవురనుకుంటారు? నేనే కుట్టి ఇస్తిని గదక్కా దాన్ని."

ఆ మాట వినగానే ఓబుళమ్మ కోపమంతా నా మీది నుంచి వేరే దారి పట్టింది. ఫోను దగ్గరికి వంగబోతే, అది కూడా ఆమె ఎడమవైపుకు రాకుండా దూరంగా పట్టుకున్నాను.

"రేయ్ సీనా, నువ్వేం ఏడ్చద్దు. తెల్సి చేసినావా ఏమన్నా?" అని గట్టిగా అంది.

అతను ఆపరేషన్ చేసిన బెంగుళూరు ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కొని మళ్ళీ చేశాడు. పర్సు ఆ వైపు పెట్టుకోకూడదు. తల తిరగడం దానివల్లో కాదో చూడకుండా చెప్పలేరట. తొందరగా తీసుకురమ్మన్నారు. ఇక నా పాలిషర్ సంగతి. అది ఉన్న గదిలోకే ఆమె పోకూడదన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆమె నా వైపు తిరిగింది.

"అయితే ఆ మిషను నన్నేమన్నా చేసుండునా?"

"నాకు తెల్దు పెద్దమ్మా. చేసుండచ్చు, చేయకపోయుండచ్చు. నాకు భయమై నూకితిని."

ఆమె మూట విప్పి మళ్ళీ బల్ల మీద పెట్టింది. "సరే. ఇప్పుడు నేను చూడకుండా ఎట్ల?"

కుంకుడురసం, ఇత్తడి బ్రష్‌తో చేత్తోనే చేసిస్తానన్నాను. పైన మెరుస్తుంది కానీ గీతల లోపల తెల్లగానే ఉండిపోతుందని కూడా చెప్పాను. ఒప్పుకోలేదు. "సగం పండిన కాయ నాకొద్దు."

చివరికి నా అంగడికి ఎదురుగా, సందుకు అవతల ఉన్న టైలర్ అరుగు గుర్తొచ్చింది. ముందు ఆమెను తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టాను. ఆమె కూర్చున్నాక పాలిషర్‌ను మోసుకొచ్చి నా వాకిట్లో స్టూలు మీద పెట్టాను. కమ్మలు ఒక్కొక్కటి పైకెత్తి ఆమెకు చూపించి గిన్నెలో వేశాను. స్విచ్ వేశాను. సందులో పోయేవాళ్ళంతా నిలబడి చూశారు. ఒక ఆటో మా ఇద్దరి మధ్య ఆగింది.

"ఓ ఆటోప్పా! ముందుకి జరుగప్పా, నా కాయలు కనపడల్యా!"

ఎవరి కాయలు, ఎక్కడి కాయలు అని అర్థంకాక అతను బండి ముందుకు తీశాడు. ఆమె కళ్ళు గిన్నె మీద ఉన్నాయి. నా కళ్ళు ఆమె మీద ఉన్నాయి. తల వాలుస్తుందేమో, ఊపిరి కష్టమవుతుందేమో అని చూస్తూ, ఒక చేయి స్విచ్ మీదే పెట్టుకొని నిలబడ్డాను. ఈలోగా టైలర్ ఆమె పర్సు గుండీ కోసేసి, దాని చోట మామూలు కొక్కెం కుట్టిచ్చాడు.

పాలిష్ అయ్యాక మిషను లోపల పెట్టేశాను. కమ్మలను నీళ్ళలో కడిగి, రంపపు పొట్టులో వేసి తడి ఆరనిచ్చి, పళ్ళెంలో సందు దాటించాను. గీతల లోపలి దాకా మెరుపు దిగింది. ఆమె ఒకటి తీసి ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూసింది. అరచేతిలో వేసుకొని బరువు చూసింది.

"ఇంత కాయ మా చేన్లో ఎప్పుడూ పట్టల్యా" అంది.

ఆ వారంలోనే సీనప్ప ఆమెను బెంగుళూరు తీసుకుపోయాడు. గుండె మిషను బాగానే ఉందన్నారట, మాత్రలు కొన్ని మార్చారట. తల తిరగడం తగ్గిందని తర్వాత ఫోన్‌లో చెప్పాడు. పర్సు మారినందుకో మాత్రలు మారినందుకో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

నా అంగడిలో మాత్రం ఒక పద్ధతి మారింది. పాలిషర్ కొన్నప్పుడు అందులో ఏ లోహం వేయొచ్చు, ఏ రాయి వేయకూడదు అని గుచ్చి గుచ్చి అడిగాను. దాని పక్కన ఏ మనిషి నిలబడకూడదో చెప్తే మాత్రం ఊరికే తలూపాను. ఇప్పుడు బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్ళనూ వెండి చూడకముందే అడుగుతాను, గుండెలో మిషను ఏమైనా ఉందా అని. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. "మెట్టెలకు మెరుపు పెట్టమంటే గుండె సంగతి అడుగుతావేమమ్మా" అన్నాడు ఒక రైల్వే ఆయన. అయినా అడుగుతాను.

వానలు పడ్డాక ఓబుళమ్మ మళ్ళీ వచ్చింది. చిన్న మనవరాలి కమ్మ కొక్కెం వంగిపోయిందట. కమ్మ నా చేతిలో పెట్టి, కూర్చోకుండానే మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"యాడికి పెద్దమ్మా? చూడవా?"

"నువ్వే గదా దగ్గరికి రావద్దంటివి. మార్కెట్లో పనుండాది, పోయొస్తా."

కొక్కెం సరిచేయడానికి ఆ మిషను అక్కర్లేదు. పట్టకారు చాలు. ఎదురుగా కూర్చొని చూడొచ్చని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే సందు మలుపు దాకా పోయింది. పిలవకుండా ఊరుకున్నాను.