వెయ్యికి పది నిమిషాలు

వడ్డాది వరహాలు అప్పు ఇస్తే వడ్డీ పుచ్చుకోడు. ఉపన్యాసం ఇస్తాడు. వెయ్యికి పది నిమిషాలు. కంచరపాలెంలో ఈ రేటు అందరికీ తెలుసు. బేరాల్లేవు.

పోర్టులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. జనం నెత్తురు పీల్చి మేడలు కట్టి, ఆ మేడ మీద ‘దైవకృప’ అని రాయించుకునే పెద్దమనుషులున్న ఊళ్లో, ఈయన పెన్షన్ డబ్బు పట్టుకుని పెంకుటింటి అరుగు మీద కూర్చుంటాడు. వడ్డీ అన్న మాట ఆ గుమ్మంలో వినిపించకూడదు. ‘ఆ రెండక్షరాలు’ అనాలి. ఇంట్లో భోజనం దగ్గర కూడా ‘వడ్డించనా’ అనరు, ‘పెట్టనా’ అంటారు. ఓ పెళ్లిలో వంటవాడెవడో “కూకోండి బాబూ, వడ్డించేత్తాం” అన్నాడని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మరి మీ ఇంటిపేరో అని ఎవరైనా అడిగితే, “అది ఊరి పేరు. నా తప్పు కాదు” అంటాడు. సంతకం మాత్రం వి. వరహాలు అనే పెడతాడు.

ఆటో నడిపే అశోక్ రెండు వేలు తీసుకుని, ఇరవై నిమిషాల తర్వాత బయటికొచ్చి చెవులు దులుపుకున్నాడు. “ఫైనాన్సోడు జేబు కోత్తాడు బావా, ఈయన బుర్ర తొలిసేత్తాడు. జేబే నయం” అన్నాడు. నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాడనుకోండి.

జాలరిపేట చిట్టమ్మ ఆ వీధిలో పదేళ్లుగా చేపలమ్ముతోంది. ఈ కబుర్లన్నీ విని నవ్వుకునేదే తప్ప, తనూ ఆ అరుగెక్కుతాననుకోలేదు. ఈ జూన్‌లో ఎక్కాల్సొచ్చింది. రెండు నెలల వేట నిషేధం ఇంకో మూడు రోజుల్లో తీరిపోతుంది. పడవ ఇంజనేమో మెకానిక్కు షెడ్డులో ఉంది. పద్దెనిమిది వేలు చేతిలో పడితేగాని కదలనివ్వనన్నాడు వాడు. తొలిరోజుల వేట పోతే ఆ ఏడంతా ఈడ్చుకురావడమే.

అలాగని ఊరికే ఇస్తానంటే చిట్టమ్మ ఎవరి దగ్గరా పుచ్చుకోదు. పోయినేడు తోడికోడలు పోతమ్మ ఐదు వేలు ఊరికే ఇచ్చి, ఆ సంగతి కుళాయి కుళాయికీ చెప్పుకుంది. బాకీ తీర్చేశాక కూడా మూడు నెలలు చిట్టమ్మ తలెత్తి నీళ్లు పట్టుకోలేకపోయింది. అంతకంటే రోజువారీ ఫైనాన్సు పోలిరాజు నయమనుకుంది. కానీ పోలిరాజు పద్దెనిమిదిలో రెండు ముందే కోసుకుని పదహారే ఇస్తానన్నాడు. ఆ రెండూ ఎక్కణ్ణుంచి తేవాలి?

“పద్దెనిమిదంటే మూడు గంటలు. కూకో,” అన్నాడు వరహాలు గడియారం చూస్తూ.

“కూకుంటాను బాబూ. పోలిరాజు తోలొలుత్తాడు. నీకు సెవులిత్తే సాలు కదా!”

వరహాలు గొంతు సవరించుకున్నాడు. “ఎనకటి ధర్మశాస్త్రాల్లో ఏటన్నారో తెలుసా? తక్కెట్లో ఓ పక్క బ్రహ్మహత్య సేసినోణ్ణి, ఇంకో పక్క ఆ రెండక్షరాలు తిన్నోణ్ణి పెట్టి తూసేరు. ఎవుడు బరువు?”

“తిన్నోడే కదా బాబూ బరువు!”

జవాబు సరైనదే. వచ్చిన దారే వేరు.

“మళ్లీ ఆ శాస్త్రాలే రేట్లూ రాసేయి. పైకులపోడి దగ్గర నెలకి నూటికి రెండు, అడుగునోడి దగ్గర ఐదు.”

“ఎండలో మాడినోడికే ఎక్కువన్నమాట. ఇప్పుడూ అంతే కదా. దానికి సదవడం ఎందుకు బాబూ?”

రెండో గంటలో సముద్రాలు దాటారు. యూదులకి పూర్వం ఏడేళ్లకోసారి బాకీలన్నీ రద్దయ్యే నియమం ఉండేదని చెప్పేసరికి చిట్టమ్మ నిటారుగా కూర్చుంది.

“ఆ ఏడో ఏడు ఎప్పుడొత్తాది బాబూ? పోలిరాజుకి తెలుసునా?”

ముస్లింలకి ఆ రెండక్షరాలు హరామని, బాకీదారుడు కష్టంలో ఉంటే గడువివ్వమన్నారనీ చెప్పాడు. క్రైస్తవ మతపెద్దలు వందల ఏళ్లు వద్దు వద్దంటే, వర్తకులు దానికే ‘ఆలస్యానికి నష్టపరిహారం’ అని పేరు పెట్టుకుని తిన్నారని చెప్పాడు.

“పేరు మారిత్తే కుళ్లిన సేప వంజరం అయిపోద్దేటి?” అంది చిట్టమ్మ.

మూడో గంటలో ఏ మతం ఏమందో ఆమెకి తెలీదు. కళ్లు తెరుచుకునే నిద్రపోయింది. గడియారం గంట కొట్టగానే వరహాలు వాక్యం మధ్యలో ఆగి, లోపలికెళ్లి పద్దెనిమిది వేలూ తెచ్చి చేతిలో పెట్టాడు. కాగితం లేదు, సాక్షి లేడు.

వచ్చినప్పుడు పెరట్లో దించిన ఎండుచేపల తట్ట తీసుకోవడానికి చిట్టమ్మ అటు వెళ్లింది. వరహాలు భార్య సూర్యకాంతమ్మ మంచినీళ్లిచ్చింది.

“ఈ మనిసితో ఎలా ఏగుతన్నావమ్మా? నీకింకా సెవులున్నాయా?”

సూర్యకాంతమ్మ ఫక్కున నవ్వింది. “ఇంట్లో రోజుకి నాలుగు మాటలాడరే! కాఫీ అంటారు, పేపరంటారు, అంతే. ఇయన్నీ లైబ్రరీలో రాసుకొచ్చి, పొద్దున్నే పెరట్లో బట్టీ పడతారు. మీరెళ్లేక గొంతు నొప్పని ఉప్పునీళ్లు పుక్కిలిత్తారు.”

“మరెందుకమ్మా ఈ బాధ?”

“అదివరకు ఊరికే ఇచ్చీవోరు. తనతోటి పనిసేసినాయన పోతే, ఆళ్లావిడ ముసలమ్మకి అలాగే ఇచ్చేరు. ఆ తరవాత ఆవిడ ఈయన్ని సూత్తే సాలు, తల దించుకుని ఇంకో ఈదిలోంచి పోయీది. అది సూసి ఈయన రెండు రోజులు అన్నం తిన్లేదు. ‘కాంతం, డబ్బు తీసుకున్నోళ్లు నన్ను తిట్టుకుంటా పోవాలి. తిట్టినోడికి మొగమాటం ఉండదు’ అన్నారు. ఆ రోజు మొదలు.”

చిట్టమ్మ తట్ట నెత్తినెత్తుకుని వీధివైపు వచ్చింది. వరహాలు గొంతు పట్టుకుని అరుగు మీద కూర్చునున్నాడు. దండం పెట్టడానికి ఆమె చేతులు సగం లేచాయి. అది చూసి ఆయన ముఖం, పామేదో కనబడ్డట్టు ముడుచుకుపోయింది. లేచిన చేతులు గబుక్కున నడుం మీదకి దిగాయి.

“ఏటి బాబూ, మనిసన్నాక కూసింత కనికారం ఉండొద్దా? మూడు గంటలా! నీ నోరు తెచ్చి పడవకి కడితే మాకు ఇంజనే అక్కర్నేదు. సింగపూరెళ్లిపోతాం!”

“ఇరవై వేలు అడగనేదు, సంతోషించు!” అన్నాడు వరహాలు. ముఖం వెలిగిపోయింది.

ఆమె వీధి మలుపుదాకా తిట్టుకుంటూనే వెళ్లింది, ఆయనకి వినబడేంత గట్టిగా. ఎదురొచ్చిన ఇద్దర్ని ఆపి మరీ చెప్పుకుంది. మలుపు తిరిగాక కొంగున కట్టిన డబ్బు తడుముకుని, తలెత్తుకుని మెకానిక్కు షెడ్డుకేసి నడిచింది. వచ్చే నెల మొదటి వాయిదా కట్టడానికొచ్చినప్పుడు ఇవే తిట్లు మళ్లీ తిడితే ఏం బాగుంటుంది? దారి పొడుగునా కొత్తవి ఏరుకుంది.