మధ్యాహ్నానికి కూరేం చేయను

మొన్న సోమవారం పటమటలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఫిజియోథెరపీ గదిలో, కొత్తగా చేరిన అమ్మాయి మావారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పాదాలను ఎదురుగా ఉన్న పెడళ్ల యంత్రానికి పట్టీలతో బిగించి, "రెండు నిమిషాలు తొక్కించండి ఆంటీ, ఒక నిమిషం ఆపండి, మళ్లీ రెండు నిమిషాలు" అని చెప్పి, టైము చూడమని తన ఫోను నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ పిల్లకు తెలియదు గానీ, ఆయన తొక్కుతుంటే పక్కన నిలబడి టైము చూడడం నాకు కొత్త కాదు, కొన్నేళ్లపాటు నేను జీతం లేకుండా చేసిన కొలువు అదే.

ఆయనకు యాభై దగ్గర పడుతుండగా షుగర్ బయటపడింది. ఆ కబురు వినగానే మన ఈడువాళ్లు అన్నం మానేసి పుల్కాలకు దిగడం, నెల తిరగకుండానే మళ్లీ ఆవకాయన్నానికి రావడం మీరూ చూసే ఉంటారు. ఈయన మాత్రం గేర్ల సైకిలు కొన్నారు, అక్కడితో ఆగకుండా కంకిపాడు నుంచి కూచిపూడికి గంటలో చేరాలని పంతం పట్టారు. రోజూ ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవారే తప్ప ఆ గంట మాత్రం చిక్కలేదు.

కాలేజీలో ఆటలు నేర్పే మా తమ్ముడు అది చూసి నవ్వి, "బావా, నువ్వు రోజూ యుద్ధం చేస్తున్నావు, సాధన చెయ్యట్లేదు" అన్నాడు. గంటసేపు తగ్గకుండా పట్టి ఉంచగలిగిన బలం ఎంతో అదే నీ హద్దు, వాళ్ల భాషలో త్రెషోల్డ్, దాన్ని పెంచాలంటే ఆ హద్దు దగ్గర ఎనిమిది నిమిషాలు తొక్కి, నాలుగు నిమిషాలు తేలిగ్గా తొక్కి, అలా నాలుగుసార్లు చెయ్యాలన్నాడు. వారానికి రెండు రోజులే ఆ కష్టం, అవీ వెంటవెంటనే కాదు. ముందు నిమిషాలు పెంచాలి, ఎనిమిది పదై, పది పదిహేనై, ఇరవై నిమిషాలు రెండుసార్లు తొక్కగలిగాకే బలం పెంచాలి. నాలుగో వారం ఒంటికి తెరిపి ఇవ్వాలి. ఆదివారం ఎలాగూ చర్చి ఉంది కాబట్టి ఆ రోజు సెలవని మేమే చేర్చుకున్నాం.

ఇప్పటివాళ్ల సైకిళ్లకు కాలి బలాన్ని వాట్లలో చూపించే మీటర్లు ఉంటున్నాయి. మాకు అవేమీ లేవు, నేనే మీటరుని. తెల్లవారేసరికి స్కూటీ మీద ఆయన పక్కనే వెళ్తూ, సగం తొక్కాక ఒక ప్రశ్న అడగాలని మా తమ్ముడు నేర్పాడు. ఏ ప్రశ్నయినా పరవాలేదన్నాడు, నాకు తోచింది ఒక్కటే: మధ్యాహ్నానికి కూరేం చేయను? "నిన్నటి పప్పుంది కదా, కూరెందుకు, కాస్త చారు పెట్టు చాలు" అని తీరుబడిగా చెప్పారంటే చాలీచాలకుండా తొక్కుతున్నట్టు. మాట రాక చెయ్యి ఊపారంటే హద్దు దాటినట్టు. "దొండకాయ" అని ఒక్క ముక్క విసిరారంటే సరిగ్గా ఉన్నట్టు. నాకు దొండకాయ గిట్టదు, ఆయనకేమో ఆయాసంలో నోటికొచ్చేది అదే, అందువల్ల ఆ రోజుల్లో మా ఇంట్లో ఎన్ని దొండకాయలు తెగాయో ఆ దేవుడికే తెలియాలి.

తొక్కించడం కన్నా ఆపడం కష్టంగా ఉండేది. తేలిగ్గా తొక్కాల్సిన నిమిషాల్లో కూడా దూసుకుపోతుంటే, స్కూటీ అడ్డం పెట్టి "చాల్లెండి" అని అరిచేదాన్ని, ఆయన కస్సుమనేవారు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసుకుంటున్న ఆడవాళ్లు "ఏంటమ్మా, మీ ఆయన్నలా తరుముకుంటూ వస్తన్నావ్" అని మేలమాడేవారు.

చివరికి ఒక మంచు పొద్దున గంట దాటకుండానే కూచిపూడి చేరారు. కల్వర్టు మీద కూలబడి అలుపు తీర్చుకున్నాక ఇక ఆయన నోటికి మూత పడలేదు. గాలి గురించి, చెరుకు లారీల గురించి, నా డ్రైవింగు గురించి ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నారు. నేను సగం కూడా వినలేదు. ఇంకా చాలా మాటలు వింటాంలే అనుకున్నాను.

పోయినేడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. తిరిగి రావలసిన బలమైనా మాటైనా మొదటి నెలల్లోనే వస్తుందని డాక్టరుగారు చెప్పారు, ఆ నెలలు గడిచిపోయాయి. కొంచెం కష్టం, కొంచెం విశ్రాంతి, మళ్లీ ఇంకొంచెం కష్టం, ఇలా చేస్తే కాలు తిరిగి వస్తుందని అందరికన్నా నేనే ఎక్కువ నమ్మాను, ఆ లెక్క ఒకసారి నా కళ్లముందే నిజమైంది కదా. ఇప్పుడేమో మొదటి రోజూ రెండు నిమిషాలే, ఇవాళ్టికీ రెండు నిమిషాలే. ప్రార్థనకు కూర్చుంటే ఏం అడగాలో తెలియడం లేదు, అడిగీ అడిగీ విసిగిపోయాను.

ఆ యంత్రాన్ని మోటారు తిప్పుతుంది, మనిషి తన సొంత బలం ఎంత కలుపుతున్నాడో చూపించడానికి దానికో గడి ఉంది. మొన్న అందులో సున్నా ఉంది. ఏం తోచక, పాత అలవాటు కొద్దీ, "మధ్యాహ్నానికి కూరేం చేయనండీ?" అని అడిగాను. ఆయన నా వైపు చూశారు, పెదవులు చాలాసేపు కదిలాయి, ఆ ఒక్క ముక్క కోసం నేను ఊపిరి బిగబట్టుకున్నాను. మాట రాలేదు. ఎడమ చెయ్యి ఎత్తి ఊపారు.

మా లెక్క ప్రకారం అది హద్దు దాటినట్టు. గడిలో మాత్రం సున్నానే ఉంది. నేను ఆయన చేతినే నమ్మాను. రెండు నిమిషాలు కాకుండానే మోటారు ఆపి, పట్టీలు విప్పి, "చాల్లెండి" అన్నాను. ఒకప్పుడు ఆ మాటకు కస్సుమనే మనిషి, మొన్న నా భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకున్నారు.