సిద్దమ్మ ఇంటి మట్టిగుండు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట కింద బెస్తవాడల ఎవలు ఎవని దిక్కున్నరో తెలుసుకోవాలంటే కులపెద్దను అడిగి లాభం లేకుండె. సిద్దమ్మను అడగాలె. వలలకు కట్టే మట్టిగుండ్లు వాడంతటికీ ఆమెనే చేసేది. గుండ్ల కోసం వచ్చినోడు నోరు మూసుకొని పోతడా? అరుగు మీద కూసొని కడుపులున్నదంతా కక్కి పోతడు.

కింది గల్లీ ఇండ్లన్నీ గడీ దొర ఇచ్చిన చెల్కలు దున్నుకునేటివి, అవి దొర దిక్కు. గడీకి వెట్టిచేపలు మోసి మోసి నడుములు పడిపోయిన మీది గల్లీ ఇండ్లు వెట్టి బంద్ చెయ్యాలనే సంఘం దిక్కు. నడుమ రెండిండ్లు మటుకు ఎవలు కల్లు పోస్తే వాళ్ల దిక్కు. గీ సంగతి సిద్దమ్మకు ఎరుక, ఇంకెవలికీ ఇంత పక్కాగ ఎరుక లేదు.

నిజాం సర్కారుల ఓటన్న మాట పేదోని చెవిన పడని కాలమది. అయినా బెస్తవాడకు తన పద్ధతి తనకుండె. రెండేండ్లకోసారి కులపెద్దను పెట్టుకునేనాడు ఇంటికో కొత్త గుండు. కావడికి రెండు బుట్టలు కట్టి, నడుమ తాడేసి దూలానికి వేలాడదీసేది. నిలబడ్డోనికి ఒక్కో బుట్ట, ఇంటి మొగోడు తన గుండు నచ్చినోని బుట్టల వేస్తడు, ఎవని బుట్ట కిందికి దిగితే వాడే పెద్ద. అన్ని గుండ్లూ ఒక్కటే తూకం ఉండాలె గనుక అవి సిద్దమ్మ చేతివే కావాలె. చెయ్యి ఆడదానిది కావాలె, మాట వద్దు. మొగోడు లేని ఇంటికి గుండు లేదు. ఎంత సక్కని న్యాయమో చూడుండ్రి.

ఆమె పెనిమిటి ఎల్లాను, దొర ఇంటికి చుట్టాలొచ్చిన్రని గాలివానల చెరువుల దించిన్రు. తెప్ప ఒడ్డుకొచ్చింది, మనిషి రాలే. అది జరిగి ఏడేండ్లు. ఇంటింటికీ గుండ్లు పంచి ఉత్త చేతులతోని అరుగు మీద కూసున్నప్పుడల్లా ఆమె పానం పీకేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన గుండు తన చేత్తోని బుట్టల వెయ్యాలె. బంగారం అడగలే, భూమి అడగలే. గింత అడిగింది.

ఆ ఏడు ముసలి కులపెద్ద పోయిండు. దొర మనిషి బాలస్వామి ఒకదిక్కు, సంఘపోడు లింగస్వామి ఒకదిక్కు నిలబడ్డరు. లింగస్వామి ఎల్లాకు చిన్నాయన కొడుకు, సిద్దమ్మకు మరిది.

"వదినె, నేను గెలిస్తే గడీకి ఒక్క చేప పోదు. వెట్టి బంద్," అన్నడు గుండు కోసం వచ్చి.

"మరి నా ఇంటి గుండు సంగతేంది?"

"ముందు గెలువనియ్యి. గది తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడురా?"

లింగస్వామి నవ్వి లేచిండు. పేదోని తర్వాతకు తేదీ ఉండదు, ఆడదాని తర్వాతకు ఏడాది కూడ ఉండదు.

పక్కింటి నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. "మీది గల్లీ గుండ్లు జర బరువు చెయ్యరాదక్కా, ఎవనికి ఎరుక?" సిద్దమ్మ ఒకటి చేసి కూడ చూసింది. అరచేతిల పెట్టి మామూలు గుండుతోని తూచింది. ఆఖరికి పగలగొట్టింది. "నాకు మాట కావాలె నర్సమ్మా, దొంగతనం కాదు," అన్నది.

అనుకున్న దినం పొద్దుగాల అందరూ గుండ్లేసిన్రు. కావడి అటు దిగలే, ఇటు దిగలే. సమంగ నిలబడ్డది. వాడంతా నోర్లు తెరిచింది.

"ఇంకే ఇల్లన్న మిగిలిందా?" అన్నడు అందర్ల పెద్దోడు బిక్షం తాత. చూపులన్నీ సిద్దమ్మ అరుగు దిక్కు తిరిగినయి.  ఆమె చేతులకు అంటిన మట్టి కొంగుకు తుడుచుకొని లేచి నిలబడ్డది.

"ఎల్లా చెరువుల పోయిండు గని ఎల్లా ఇల్లు పోలే," అన్నడు తాత. "ఎల్లా పేరు మీద ఒక గుండు చెల్లుతది. ఏమంటవ్ బాలస్వామీ?"

చెరువు మింగినోని పేరుకు అడ్డం చెప్తే మళ్ల వలేసే ధైర్యం ఏ బెస్తోనికి ఉంటది? బాలస్వామి తల దించుకొని సరేనన్నడు.

లింగస్వామి ఉరికొచ్చిండు. "వదినె, గుండియ్యి."

"నేనే వచ్చి వేస్త."

"వద్దు వదినె, ఆడదని ఎవడన్న అడ్డం పడితే అంతా పాడైతది. అన్న పేరు మీద నేను వేస్త."

సిద్దమ్మ తనకోసం చేసి పెట్టుకున్న గుండు పట్టుకొని కట్ట దిక్కు చూసింది. ఇయ్యకపోతే రేపు ఇంకో గాలివానల ఇంకో ఎల్లా దిగుతడు. ఇంకో ఆడది కట్ట మీద నిలబడి చూస్తది. ఇచ్చింది.

లింగస్వామి ఉరికిపోయి తన బుట్టల వేసుకున్నడు. బుట్ట కిందికి దిగింది. డప్పులు మోగినయి. ఆ దినం నుంచి గడీకి వెట్టిచేపలు పోలే. సిద్దమ్మకు సంతోషం కాలేదంటే అబద్ధం. ఎల్లాను తలుచుకొని కండ్లనిండ ఏడ్చింది.

"ఏందక్కా, ఇంకా గట్లనే కూసున్నవ్?" అన్నది నర్సమ్మ. "నువ్వనుకున్న దిక్కే దిగె గదా?"

"అవ్, నేను గూడ అటే వేస్తుంటి," అన్నది సిద్దమ్మ. "గని ఎటు వేస్తవే సిద్దమ్మా అని ఒక్కడన్న అడగలే."