నాలుగు లక్షల ఎనభై వేల గొంతు

భుజంగరావుకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎదురుపడిన మనిషి మదుపు ఎంతో కనుక్కొని, ఆ మొత్తానికి ఏ యాప్‌లో ఫీజు తక్కువ పడుతుందో చెప్పి తీరాలి. అడిగేటప్పుడు ముఖంలోకి చూడడు. నెత్తికి జానెడు పైన చూస్తాడు. అక్కడ ఆ మనిషి డబ్బు ఆవిరిలా తేలుతూ తాతకు కనబడుతుందని మనవరాలు చిన్నికి గట్టి అనుమానం.

మారతహళ్ళిలో వాళ్ళుండే అపార్ట్‌మెంటులో జనం లోపలికి తొంగిచూసి, ఆయన లేడంటేనే లిఫ్టు ఎక్కేవారు. ఒకసారి వాచ్‌మన్ మునినారాయణప్ప ఆయనతోపాటు ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నాడు. కటిక చీకటి.

“నీదెంతుండాదప్పా?”

“లక్ష సార్. ముందు తలుపు కొట్టండి సార్!”

“కొడదాంలే. నూటికి పావలా తీసుకునేవాడికి నువ్వు ఏడాదికి రెండు వందల యాభై ఇస్తావు. ఎంతున్నా పన్నెండు వందలే అనేవాడి దగ్గరికి పోతే మునిగిపోతావు. అదే పది లక్షలుంటే?”

“నాకు లేవు సార్!”

“ఉంటేనప్పా! పావలావాడు రెండువేల అయిదొందలు లాగుతాడు. అప్పుడు పన్నెండు వందలోడే దేవుడు. నాలుగు లక్షల ఎనభై వేల దగ్గర ఇద్దరూ సమానం.”

బయటపడ్డాక మునినారాయణప్ప వారంపాటు మెట్లే ఎక్కాడు.

ఈ లెక్కను ఇష్టంగా విన్నవాడు భూమ్మీద ఒక్కడే, పై అంతస్తు దానియేలు. వినడమే కాదు, తిరిగి అప్పజెప్పేవాడు కూడా. మూడు నెలల కిందట గుండె ఆగి పోయాడు. ఆయన భార్య విజయకుమారి నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం చిన్ని పులిహోర గిన్నె పట్టుకొని ఆమె ఇంటికి వెళ్ళింది. వరండాలో లైటు లేదు. తలుపు కిందనుంచి చల్లటి గాలి పాదాలను తాకింది. లోపల ఒక మగగొంతు, నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు గొణుగుతోంది.

“మూడు లక్షలు... ఏడు వందల యాభై... నాలుగు లక్షలు... వెయ్యి... నాలుగు లక్షల ఎనభై వేలు... ఇద్దరూ సమానం...”

చిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. తాత కింద ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడే చూసి వచ్చింది. ఈ లెక్క అప్పజెప్పగల రెండో మనిషిని సమాధి చేసి మూడు నెలలయింది. గిన్నె అక్కడే వదిలేసి మెట్లు రెండేసి చొప్పున దూకింది.

“తాతా! దానియేలు అంకుల్ వచ్చినాడు! ఫీజులు చదువుతా ఉండాడు!”

హాల్లో తాత లేడు. సామాన్ల గది తలుపు ఓరగా ఉంది. లోపలి చీకట్లోంచి అదే గొంతు: “ఆరు లక్షలు... పదిహేను వందలు...”

చిన్ని తలుపు తోసింది. భుజంగరావు బియ్యం బస్తా మీద కూర్చొని, ఇంటర్‌కామ్ ఫోను నోటికి ఆనించి కాగితం చదువుతున్నాడు. ఫోను చేత్తో మూసి గుసగుసగా కసిరాడు.

“అరవద్దు పాపా! పైన ఆయమ్మ నిద్రపోవాల. దానియేలు పక్కన కూర్చొని ఈ ఫీజులు గొణుగుతా ఉంటే పడుకునే అలవాటు ఆమెకు. ఆయన పోయినాక కన్ను మూతపడక, ఆ మధ్య ఆస్పత్రిలో ఒకరి మందు ఇంకొకరికి ఇయ్యబోయిందంట. ఇంకోసారైతే ఉద్యోగం తీసేస్తామన్నారు. అందుకే ఆమె స్పీకరు పెట్టుకుంటాది, నేను చదువుతాను.”

“రోజూనా?”

“పన్నెండు రోజులైంది. ఆయన మాదిరి చిన్నగా చదవాల, అదే కష్టం.”

అంతలో ఫోనులోంచి సన్నగా గురక వినబడింది. చిన్ని నవ్వు ఆపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకుంది. తాత మాత్రం ముఖం మాడ్చుకున్నాడు.

“చూసినావా? అసలు సంగతి కోటి దగ్గరుండాది. ఈయమ్మ ఒక్కరోజన్నా ఏడు లక్షలు దాటనిచ్చిందా!”

అని విసుక్కుంటూనే, గొంతు ఇంకాస్త తగ్గించి ఏడు లక్షలు మొదలుపెట్టాడు.