ఇవాళ మీరెవరు బాబాయ్?

చొక్కా రెండ్రోజులకోసారి మార్చినా, కంప్యూటరు నంబరు మాత్రం రోజూ మార్చందే బాబాయ్ పని మొదలుపెట్టేవాడు కాదు. ప్రతి కంప్యూటరుకీ ఫ్యాక్టరీలోనే ఒక నెట్‌వర్కు నంబరు వేసి పంపుతారట. నెట్‌లోకి వెళితే అదే ఆనవాలు; తెలిసినవాళ్ళు సెట్టింగుల్లో దాన్ని మార్చుకోగలరు. "నేనెవరో చెప్పుకోవడానికి నేనున్నాను కదా, మధ్యలో అదెవరు?" అనేవాడు.

ఆ పాఠ్యపుస్తకాల ఆఫీసులో ప్రూఫులు దిద్దే అందరికీ ఆయన బాబాయే. కొత్తగా చేరిన అమ్మాయి కూడా వారం తిరక్కుండానే, పొద్దున రాగానే "ఇవాళ మీరెవరు బాబాయ్?" అని అడగడం నేర్చుకుంది.

మేనేజరు గదిలోంచి కదలడు. ఎవరి కంప్యూటరు నెట్‌లో ఉంటే వాళ్ళు సీట్లో ఉన్నట్టు. ఆయన తెరమీద నంబర్లు, వాటి పక్కన పేర్లు. ముక్కూ మొహం తెలియని నంబరు కనిపిస్తే అది బాబాయేనని ఆయనెప్పుడో కనిపెట్టాడు. ఇన్నేళ్ళ గోప్యత పుణ్యమా అని ఆఫీసు మొత్తంలో ఇట్టే దొరికిపోయేది బాబాయ్ ఒక్కడే.

అమ్మాయికి ఐదు నెలల బాబు. మూడింటికి, సీట్లో వదిలి వెళ్ళకూడదన్న ల్యాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని, వెనక వీధిలో అక్క ఇంటికి పరుగెత్తి, పాలిచ్చి అరగంటలో వచ్చేసేది. ఆ అరగంట పనీ సాయంత్రం కూర్చుని పూర్తిచేసేది. అయినా మేనేజరు పిలిచి, తన తెరమీది జాబితాలోంచి ఇంకొక్కసారి మాయమైతే ఉద్యోగం ఉండదన్నాడు. ఆకలి వాయిదా వేసుకోవడం పిల్లాడికెలా నేర్పాలో తెలియక, ఆమె బాబాయ్ దగ్గర చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమె ల్యాప్‌టాప్ తిరగేసి ఏదో రాసుకుని, "వెళ్ళి రా అమ్మా, ఏమీ కాదు" అన్నాడు.

నెల గడిచింది. ఆమెకి ఏమీ కాలేదు. మెమో బాబాయ్‌కి వచ్చింది. రోజూ మూడు నుంచి మూడున్నర దాకా సీట్లో ఉండటం లేదట. టీకి కూడా లేవని మనిషాయె, అందరూ నోరెళ్ళబెట్టారు. బాబాయ్ మాత్రం గాలికి తిరిగొచ్చానని ఒప్పేసుకున్నాడు. ఇకమీదట వెళ్ళనని రాసిమ్మంటే పెన్నులో సిరా లేదన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, అనుమానమొచ్చి వెనక్కి తిరిగి, ఆయన తెరమీది నంబరు తొంగిచూసింది. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి అడుగున ఉన్న నంబరు చూసుకుంది. రెండూ ఒకటే. ఆమె లేని అరగంటా ఆయన ఆమె నంబరు వేసుకుని, మేనేజరు తెరమీద తన సీటు ఖాళీ చేసుకుని కూర్చుంటున్నాడు. ఆమె అలవాటైన మాటే అడిగింది.

"ఇప్పుడు మీరెవరు బాబాయ్?"

ఆయన ప్రూఫులోంచి తల ఎత్తలేదు.

"పిల్లాడి తల్లినమ్మా. ఇక్కడ నేనున్నానుగా, నువ్వెళ్ళు. వాడు ఏడుస్తుంటాడు."