బావికిచ్చిన జాకెట్ ముక్క

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఏది జరిగినా తేదీ రాసుకుంటాను. ఇదీ అట్లా రాసుకున్నదే.

కోదాడ దాటాక హైవే పక్కన ఇప్పుడు మాల్ ఉన్న జాగా మా పొలం. అందులో అమ్మ కాలం నాటి బావి. ఏటా నాట్లకు ముందు గంగమ్మకని పసుపు రాసిన జాకెట్ ముక్క అందులో వదిలేవాళ్లం. అమ్మ పోయాక ఆ పని నాది. ఏ ఏడుదో తెలిసేలా మూలన ఎర్ర దారంతో అంకె కుట్టేదాన్ని. నా చేత్తో వదిలిన చివరిది 2014 జూన్‌ది. దాని మీద 14 ఉంది.

ఆ చలికాలమే తమ్ముడు పొలం బేరం పెట్టాడు. బావి పూడ్చకుండా ఉంచితేనే సంతకం పెడతానన్నాను.

"నీ బావి ఏడికి పోదక్కా. కింద పార్కింగుల మూతేసి ఉంచుతరు" అన్నాడు. పెట్టాను.

2016లో మాల్ తెరిచారు. మొదట కింద బట్టలు, పైన ఇంటి సామాను. రెండేళ్లకు కదిలే మెట్లు, సినిమా తెరలు వచ్చాయి. కరోనాలో షట్టర్లు దించి, తర్వాత వేరే పేరుతో తెరిచారు. పైన సగం ఇప్పుడు కోచింగ్ సెంటర్. ఏది మారినా జూన్‌లో బావిలో వదలమని తమ్ముడికి జాకెట్ ముక్క ఇవ్వడం నేను మానలేదు. నేనే వస్తానంటే, "బావి కాడికి మెట్లు నిటారుగ ఉంటయ్. నీ మోకాళ్లతోని దిగితే నిన్ను గూడ గంగమ్మకే ఇచ్చి రావాలె" అని నవ్వించేవాడు.

2024 ఆగస్టులో, పగలు పదకొండింటికి, అదే మాల్‌లో మరదలికి చీర కొన్నాను. నా ముందే విప్పి చూపించి, మడిచి, కవర్లో పెట్టి టేపు వేశారు. ఇంట్లో ఆ టేపు తీసింది నేనే.

మడతల మధ్య తడి గుడ్డ ఉంది. చీరకు మాత్రం చెమ్మ లేదు. గుడ్డకు పసుపు, బావి బురద వాసన. మూలన ఎర్రగా 14. కుట్టు నాదే.

ఆటోలో నేరుగా తమ్ముడింటికి పోయి ఆ గుడ్డను బల్ల మీద పెట్టాను. మూలన అంకె తిప్పి చూశాడు. లేచి బీరువాలోంచి ఒక సంచి తెచ్చాడు. అందులో పది జాకెట్ ముక్కలు, 15 నుంచి 24 దాకా. నేను వేసిన మడతలు కూడా చెదరలేదు.

"పునాది తీసిన వారమే బావి పూడ్చిండ్రక్కా. చెప్తే నువ్వు ఊకుంటవా? పారేద్దామంటే చేతులు రాలే."

"మరి ఆ మెట్లు?" అన్నాను.

సంచి మూతి కట్టడం మొదలుపెట్టాడు. చీర అక్కడ ఇవ్వకుండానే వచ్చేశాను.

మర్నాడు మాల్‌లో అడిగాను. ఆ చీర సూరత్ నుంచి వచ్చిన మూటలోంచి నేను వచ్చిన పొద్దునే తీశారట.

ఆ పది ముక్కల సంగతి నాకు అర్థమైంది. నా తమ్ముడు పదేళ్లు నా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడు. పద్నాలుగుది మాత్రం మునిగేదాకా నేను గట్టు మీద నిలబడి చూశాను. అది ఎట్లా తిరిగొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మొన్న జూన్‌లో 25 కుట్టాను. ఎవరి చేతికివ్వాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను.